తడి ఇసుకలో నాలుగు పళ్లేలు

ఆదోనిలో పత్తి వ్యాపారుల చందాలతో నడిచే ఒక ప్రసూతి ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను, ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. దాని వెనక వరండాలో ఒక ఇరుకు గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఇత్తడి సూక్ష్మదర్శిని, బల్ల ముందు ఒక స్టూలు. స్టూలు డాక్టరుగారిది. ఆయన రోజుకు పది నిమిషాలు వచ్చి దాని మీద కూర్చుంటారు. మిగిలిన పొద్దంతా అంజనమ్మ ఆ స్టూలును గోడవారగా జరిపి, నడుం వంచి, నిలబడి చూస్తుంది.

రక్తం, కళ్లె, మలం, చీము. రోజుకు ముప్పై నలభై గాజు పలకలు. ఆమె చూసి చెబుతుంది, డాక్టరుగారు సంతకం పెడతారు. తొమ్మిదేళ్లయింది. హాజరు పట్టీలో అంజనమ్మ పేరు పక్కన ఈనాటికీ ‘సీసాలు కడుగు మనిషి’ అనే ఉంది. కూర్చోమని ఆమెతో ఎవరూ అనలేదు. కూర్చుంటానని ఆమె అడగలేదు.

ఎందుకు అడగలేదని నేను ఒకసారి గుచ్చి గుచ్చి అడిగితే నవ్వింది. “కూసుంటే మాత్రం ఆ గాజులో కనపడేది మారుతాదా యేం?” అంది. మారదు. కానీ చూసే మనిషి నడుం మారుతుంది. ఇప్పుడామె నలభై మూడేళ్లకే వంగి నడుస్తోంది.

అంజనమ్మ పుట్టింది యెమ్మిగనూరులో, మగ్గం ఇంట్లో. వాళ్ల వీధిలో తెల్లవారకముందే పడుగులు పరిచేవాళ్లు. వీధి పొడుగునా నూలు సాచి, కుంచెలతో గంజి పెట్టి, ఎండ ముదిరేలోపల చుట్టేయాలి. గంజి రాత్రే కాచి ఉంచుతారు. ఉదయానికి అది కొంచెం పులిస్తే నూలుకు మంచిది. వేరే రకంగా పులిస్తే పోగు జిగట పట్టి తెగుతుంది. కంటికి రెండు గంజులూ ఒకటే. తేడా పట్టాలంటే ముక్కు కావాలి. ఆ ముక్కు ఎనిమిదేళ్ల అంజనమ్మకు ఉండేది. “సిన్నమ్మిని పిలవండప్పా, కుండ వాసన సూస్తాది” అని పక్క ఇళ్లవాళ్లు కూడా పిలుచుకుపోయేవాళ్లు.

పెళ్లయి ఆదోనికి వచ్చింది. భర్తకు క్షయ. ఆయన్ను చూపించుకోవడానికి ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆయన పోయాక, ఈ ఆసుపత్రిలోనే సీసాలు కడగడానికి కుదిరింది. పరీక్షలు చేసే మనిషి ఒకాయన అప్పుడుండేవాడు. ఆయన చేస్తుంటే చూసింది, రంగులు కలపడం నేర్చింది. మద్రాసు నుంచి రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని కాగానే ఆయన అక్కడికి పోయాడు. పోయినవాడి చోట ఇంకొకర్ని వేయలేదు. వేయవలసిన అవసరమే రాలేదు. సీసాలు కడిగే మనిషి ఉంది కదా.

ఇదంతా జరిగేది జరుగుతూ ఉండగా, 1957 ఏప్రిల్‌లో పసిపిల్లల వార్డులో నోటిపూత మొదలయింది.

మామూలు పాల మరక కాదు. నాలుక మీద, బుగ్గల లోపల, పెరుగు తునకలు అంటించినట్టు తెల్లగా పేరుకునేది. గుడ్డతో తుడిస్తే ఊడి, కింద ఎర్రగా పుండు. బిడ్డ రొమ్ము పట్టేది కాదు. ఆ వార్డులో పదకొండు మంది బిడ్డలు ఉంటే వారం తిరిగేసరికి ఏడుగురికి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, జ్వరానికి కొత్త మందులు వాడుతున్నవాళ్లకు ఎక్కువగా వచ్చింది. ఆ మందులు గొప్పవే. ప్రాణాలు నిలబెడుతున్నాయి. కానీ చెడ్డ సూక్ష్మజీవులతో పాటు నోట్లో ఉండే సాధువులను కూడా చంపేస్తాయి. ఖాళీ అయిన ఇంట్లో బూజు చేరినట్టు అక్కడ ఇది చేరుతుంది. పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒక కూలి తల్లి బిడ్డకు పూత గొంతులోకి దిగింది. ఆ బిడ్డ తొమ్మిదో రోజున పోయింది.

పూత గీకి గాజు మీద పెట్టి చూస్తే గుండ్రటి మొగ్గలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి మొలుచుకొస్తున్నాయి. ఈస్టు. కల్లును పులియబెట్టే జాతి. ఇంతవరకు అంజనమ్మ, డాక్టరు బాలకృష్ణయ్యగారు ఒకే మాట మీద ఉన్నారు.

ఆసుపత్రి నడిపే కమిటీ పెద్దలు కంగారుపడ్డారు. బిడ్డలను ఎత్తేది, తుడిచేది ఎవరు? ఆయా మేరి. మేరి ఎక్కడుంటుంది? ఊరి చివర, మాలపేటలో. ప్రశ్నలు అక్కడే ఆగిపోయాయి. ఆ చేతులను అనుమానించడానికి వాళ్లకు సూక్ష్మదర్శిని అక్కర్లేదు. అయినా డాక్టరుగారు పద్ధతి ప్రకారం మేరి గోళ్ల కింద గీకి చూపించారు. అందులోనూ గుండ్రటి మొగ్గలే. మేరిని వార్డులోకి రావద్దన్నారు. సోమవారం కమిటీ కూర్చుని ఆమెను తీసేస్తుంది. ‘అంటురోగము వ్యాపింపజేసినది’ అని కాగితం మీద రాసి తీసేస్తుంది. ఆ కాగితం ఉంటే జిల్లాలో ఏ ఆసుపత్రీ ఆమెను గడప తొక్కనివ్వదు. మేరికి తెలిసిన పని అదొక్కటే.

ఇది బుధవారం నాటి మాట. ఆ రోజు మధ్యాహ్నం వెనక రాతిబండ దగ్గర అంజనమ్మ సీసాలు కడుగుతుంటే మేరి వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు చేతులూ ముందుకు చాచింది.

“సూడక్కా. ఆ కార్బాలికు మందుతో తోమి తోమి తోలు ఊడొచ్చె. ఇంగ యేం కడగల్ల నేను? ఎముకలా?”

“పొద్దున యేం తింటివి మే?”

“ఇదొకటి అడగొచ్చినావు! ఇంగేముంటాది? రాత్రి పులిసిన జొన్నంబలి. ఎర్రగడ్డ నంజుకోని, సేత్తో పిసికి తాగొస్తి. దొరసాని పేరు పెట్టినారు గానీ దొరసాని తిండి పెట్టలేదు గదా.”

అంజనమ్మ చేతిలో సీసా ఆగిపోయింది. “దినామూ అదేనా?”

“దినామూ అదే. యేం, అంబలి తాగడమూ తప్పేనా?”

“తప్పు గాదు. పులిసిన దాన్ని పిసికినావు. నీ గోళ్లల్లో ఉండేది ఆ పులుపే. బిడ్డల నోట్లో ఉండేది వేరే ఏమో.”

“అట్లని నువ్వు సెప్తే యెవురింటారు?”

అంజనమ్మ సీసాను బోర్లించి ఇంకోటి అందుకుంది.

వార్డులో యెమ్మిగనూరు నుంచి వచ్చిన శ్రీశైలమ్మ ఉంది. అంజనమ్మ పుట్టింటి వీధి పిల్ల. ఆమె బిడ్డకూ పూత వచ్చింది. అంజనమ్మ చూడటానికి పోతే ఆ పిల్ల ఏడుస్తూ అంది: “ఇంటికాడ ఇద్దరు పుట్టిరి సిన్నమ్మా. ఒక్కరికీ నోరు పూయలే. ఈడికొచ్చిన మూడోనాడే ఇట్లయిపాయ. నేను నూలు వత్తి తెచ్చుకుంటి, అది గూడా మురికని పారేయించిరి.”

మా వైపు తల్లికి పాలు పడేదాకా, రెండు రోజులు, శుభ్రమైన నూలును వత్తిగా చేసి తీపి నీళ్లలో ముంచి బిడ్డ పెదవులకు అందిస్తారు. బిడ్డ చీకుతుంది. సాయంత్రం ఆ వత్తి పారేస్తారు. మరునాటికి కొత్తది. శ్రీశైలమ్మ అన్న మాటను అంజనమ్మ అప్పుడు ఓదార్పుగా విన్నదే తప్ప ఇంకేమీ అనుకోలేదు. కానీ ‘ఇంటికాడ లేదు, ఈడికొచ్చినాకనే’ అన్న ముక్క మాత్రం ఆమెను వదల్లేదు. జబ్బు ఊళ్లోంచి ఆసుపత్రికి రాలేదు. ఆసుపత్రిలోనే ఉంది.

గురువారం ఉదయం డాక్టరుగారు వచ్చి స్టూలు మీద కూర్చోగానే ఆమె నోరు తెరిచింది.

“సామీ, మేరి గోళ్లల్లోది, బిడ్డల నోట్లోది ఒకటే అని యెట్ల సెప్తారు?”

“రెండూ ఈస్టే కదా అంజనమ్మా. నువ్వే చూసినావు. ఇక్కడా గుండ్రటి మొగ్గలు, అక్కడా గుండ్రటి మొగ్గలు.”

“మిరియాలు గుండ్రంగనే ఉంటాయి, బొప్పాయి ఇత్తులూ గుండ్రంగనే ఉంటాయి. అంగడోల్ల బిడ్డలు, మీకి నేను సెప్పల్లనా?”

బాలకృష్ణయ్యగారిది ధాన్యం వ్యాపారుల ఇల్లు. ఆయనకు నవ్వు వచ్చింది. చెడ్డ మనిషి కాదాయన. బీరువాలోంచి ఒక పుస్తకం తీసి విప్పారు.

“ఈస్టుల్లో జాతులు ఉన్నాయి, నిజమే. మనిషిని పట్టే ముఖ్యమైన జాతిని కాండిడా ఆల్బికాన్స్ అంటారు. దాన్ని గుర్తుపట్టే పద్ధతి ఉంది. మొన్న నేను చేసినాను కూడా. మొక్కజొన్న పిండి నీళ్లు వడగట్టి, అగారు వేసి పళ్లెంలో గడ్డకట్టించి, దాని మీద గీత గీసి, గాజు రెక్క కప్పి, మూడు రోజులు ఉంచాలి. ఆ జాతి అయితే దారాలు సాగి, కొసల్లో మందపాటి గోడ ఉండే గుండ్లు వస్తాయి. వేరే జాతులకు ఆ గుండ్లు రావు. బిడ్డల పూతకు గుండ్లు రాలేదు. మేరిదానికీ రాలేదు. రెండూ ఒకటే.”

“యాడ పెట్టినారు పళ్లేలు?”

“ఇక్కడే, ఈ బల్ల మీద. గది వేడిలో ఉంచమని ఉంది.”

“యా ఊరి గది సామీ?”

“అంటే?”

“ఆ పుస్తకం రాసినాయప్పది యా ఊరు?”

ఆయన అట్ట తిప్పి చూశారు. “ఇంగ్లండు.”

“ఆడి గదీ ఆదోని గదీ ఒకటేనా? ఈడ బల్ల మీద సెయ్యి పెడితే కాల్తాంది. మా యెమ్మిగనూర్ల ఎండ తగిలినాక గంజి ముట్టుకోరు సామీ. సల్లగున్నప్పుడు ఒక రకం పులుస్తాది, కాకకు ఇంగో రకం పులుస్తాది. అది గూడా బతికుండేదే గదా. దానికీ తన కాలం ఉంటాది.”

బాలకృష్ణయ్యగారు గోడ మీది థర్మామీటరు వైపు చూశారు. నూటనాలుగు ఫారన్‌హీటు. చదువుకున్న చోట, మద్రాసు కాలేజీలో, చల్లగా ఉంచే పెట్టె ఉండేది. పుస్తకంలోని ‘గది వేడి’ అన్న ఆ రెండు మాటలకు ఎంత వేడి అని అక్కడ ఎవరూ అడగవలసి రాలేదు. డెబ్బై అయిదుకూ ఎనభైకీ మధ్య ఉండాలి, అంతకు మించితే ఆ జాతికీ గుండ్లు రాకపోవచ్చు. ఆయన పుస్తకం మూశారు. తర్వాత లేచారు.

“సోమవారం కమిటీ. ఆలోపల ఏం చేస్తావో చెయ్యి” అని పోయారు.

అంజనమ్మ మొక్కజొన్న పిండి తెచ్చింది. కాచింది, వడగట్టింది, అగారు కలిపి నాలుగు పళ్లేల్లో పోసింది. కావలసినవి రెండే: బిడ్డ పూత ఒకటి, మేరి గోళ్లది ఒకటి. మిగిలిన రెండూ ఎందుకు పోసిందో ఆమె మాటల్లోనే చెబుతాను. “యా కుండ చెడిందో తెల్సుకోవల్లంటే అన్ని కుండలూ మూసి సూడల్ల. బిడ్డల నోటికి తగిలేవి యేమేమి? పాలు తాపే గిన్నె. ఇంగ ఆ తీపి నీళ్ల కూజా.” మూడో పళ్లేనికి గిన్నె అంచు తుడిచింది. నాలుగోదానికి కూజాలో వేలాడే వత్తిని తాకించింది.

వరండా చివర మూడు నీళ్ల కుండలు, కింద తడి ఇసుక పోసిన తొట్టి ఉన్నాయి. పళ్లేలను రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఇసుకలో పూడ్చింది. పైన గోనెసంచి కప్పింది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఇసుక మీద నీళ్లు చిలకరించింది. ఆ మూడు రోజులూ వడగాడ్పు కొట్టింది. గాలి ఎంత పొడిగా ఉంటే తడి గోనె అంత చల్లబడుతుంది. డబ్బా పక్కన గుచ్చిన థర్మామీటరు డెబ్బై ఏడు దాటలేదు. నీళ్లు తాగడానికి వచ్చిన ఒక నర్సు “యేమంజనమ్మా, గుడ్లు పొదిగేస్తాండావా?” అని ఎగతాళి చేసింది. “ఊ, నీకొక పుంజును పెట్టినాలే” అందట అంజనమ్మ.

ఆదివారం ఉదయం డబ్బా తవ్వి తీసింది. మొదటి పళ్లెం సూక్ష్మదర్శిని కింద పెట్టి నడుం వంచింది.

పడుగు నూలు చిక్కు విప్పినట్టు పొడుగాటి దారాలు. దారాల కణుపుల దగ్గర గుత్తులు గుత్తులుగా మొగ్గలు. కొసల్లో మందపాటి గోడతో మెరిసే గుండ్లు. పుస్తకంలో బొమ్మ వేసినట్టే ఉన్నాయి. అది బిడ్డల పూత. రెండోది మేరిది: విడివిడిగా మొగ్గలు, అంతే. దారం లేదు, గుండు లేదు. అంబలి ఈస్టు. మూడోది, రోజూ ఉడకబెట్టే పాల గిన్నె: ఏమీ లేదు.

నాలుగోది పెట్టింది. దారాలు. గుత్తులు. గుండ్లు.

అప్పుడు శ్రీశైలమ్మ మాట ఆమెకు పూర్తిగా వినిపించింది.

ఆ కూజా సంగతి చెప్పాలి. ఊళ్లనుంచి తెచ్చుకునే నీళ్లు, వత్తులు మురికివని, వార్డు మొత్తానికి ఒకే గ్లూకోజు నీళ్ల కూజా, దానికి కట్టిన ఒకే వత్తి పెట్టించారు. ఉదయం కలిపిన నీళ్లు సాయంత్రం దాకా ఉండేవి. వత్తిని నీళ్లలో ముంచి ఒక బిడ్డ నోటికి, మళ్లీ ముంచి ఇంకో బిడ్డ నోటికి. ఇంటి వత్తి ఒక్క బిడ్డది. ఆసుపత్రి వత్తి పదకొండు మందిది. ఎంగిలి అంటే పెద్దవాళ్లలో మనకు ఎంత పట్టింపు! ఎవరి చెంబు ఎవరు తాకారో చూసి వెలివేస్తాం. పసిబిడ్డకు ఎంగిలి లేదని మనమే అంటాం. ఆ ఒక్క చోట పట్టింపు ఉండి ఉంటే బాగుండేది. ఆ ఏర్పాటు వార్డు గోడ మీద కాగితంగా అంటించి ఉంది. కింద సంతకం డాక్టరు బాలకృష్ణయ్యగారిది.

అంటే అంజనమ్మ ఉన్నదంతా చెప్పాలంటే తన పై అధికారిని తప్పు పట్టాలి. లేదంటే నాలుగో పళ్లెం కడిగేస్తే సరిపోతుంది. మొదటి రెండూ చూపిస్తే మేరి బయటపడుతుంది, ఎవరికీ నొప్పి లేదు. “అనుకుంటి” అని ఆమె నాతో ఒప్పుకుంది. “కడిగేద్దామనే అనుకుంటి. సీసాలు కడిగేదాన్ని గదా, అదొకటి లెక్కా? కానీ కడిగితే కూజా ఆడనే ఉంటాది.”

డాక్టరుగారు సెలవు రోజైనా పిలిపిస్తే వచ్చారు. స్టూలు మీద కూర్చుని మొదటి పళ్లెం చూశారు. రెండోది చూశారు. “భలే” అన్నారు. మూడోది చూసి పక్కన పెట్టారు. నాలుగోది చాలాసేపు చూశారు.

“ఇది మళ్లీ బిడ్డ నోటిదే కదా?”

“కాదు సామీ.”

“మరి ఎక్కడిది?”

“మీరు పెట్టిచ్చిన కూజాది.”

ఆయన కంటిని గాజు మీదనుంచి తీయలేదు. కిటికీ బయట బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“నేను మంచికే పెట్టించినాను అంజనమ్మా.”

“నాకి తెల్సు సామీ. మేరి గూడా మంచికే కడిగింది.”

ఆ సాయంత్రమే కూజా వార్డులోంచి పోయింది. బిడ్డకొక గిన్నె, బిడ్డకొక వత్తి, గంటకోసారి కాచి చల్లార్చిన నీళ్లు. పూతలకు ఊదారంగు మందు పూశారు. రెండు వారాల్లో వార్డు శుభ్రపడింది. శ్రీశైలమ్మ బిడ్డ రొమ్ము పట్టాడు. పళ్లేల్లోని ఈస్టును మద్రాసుకు పంపితే, చక్కెరలతో పరీక్షించి అదే జాతి పేరు చెప్పారు.

ఇంతవరకే కథ అయితే నేను రాసేవాణ్ని కాదు.

సోమవారం కమిటీలో డాక్టరుగారు మేరిని తీసేయనక్కర్లేదన్నారు. అంత మేలు చేశారు. కూజా మాట మాత్రం అనలేదు. మరి ఇన్ని రోజులు ఆమెను వార్డు బయట నిలబెట్టినందుకు కాగితం మీద ఏదో ఒక కారణం ఉండాలి కదా. ‘ఆయా అజాగ్రత్త వలన వ్యాధి వ్యాపించెను, హెచ్చరించి పనిలోకి తీసుకొనడమైనది’ అని రాసుకున్నారు. కర్నూలులో వైద్యుల సభలో ‘వేడి ప్రాంతములలో ఈస్టు జాతుల గుర్తింపు’ అని డాక్టరుగారు వ్యాసం చదివారు. తడి ఇసుక పద్ధతికి చప్పట్లు కొట్టారట. ఆ వ్యాసం నేను చూశాను. ‘చేయబడినది’, ‘ఉంచబడినది’, ‘గమనించబడినది’ అని ఉంది. ఎవరు చేశారో, ఎవరు ఉంచారో, ఎవరు గమనించారో ఆ క్రియలకు తెలియదు.

పోయిన ఏడాది ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా పని ఖాళీ అయితే మేరి అర్జీ పెట్టుకుంది. పాత కాగితం తెమ్మన్నారు. అందులో ఆ వాక్యం ఉంది. అర్జీ తిరిగి వచ్చింది. “యేం సేస్తాం అక్కా, అంబలి తాగినందుకు శిక్ష” అని మేరి అంజనమ్మ దగ్గర నవ్వింది. ఆ రోజు అంజనమ్మ మాత్రం నవ్వలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి కమిటీకి ఒక అర్జీ రాయించింది. నేనే రాసిపెట్టాను. తన స్టూలు గురించి, తన ఉద్యోగం పేరు గురించి రాయమంటుందేమో అనుకున్నాను. ఒక్క మాటే చెప్పింది: “మేరి సేతులు శుభ్రంగుండినాయని రాయప్పా. నేను సూసినానని రాయి. కింద నా పేరు పెట్టు.”

నాలుగు నెలలయింది. జవాబు లేదు. సీసాలు కడిగే మనిషి చూసిందంటే నమ్మకూడదట. ఆమె చూసిన రక్తాన్ని నమ్మి మీ అందరికీ మందులిచ్చారు. అది వేరే సంగతి.

కాబట్టి ఆదోని, యెమ్మిగనూరు, గోనెగండ్ల, పెద్దకడుబూరు పాఠకులారా, మీ ఇంట్లో ఏ బిడ్డ అయినా ఆ వార్డులో పుట్టి ఉంటే, ఒక కార్డు ముక్క కొని ఆసుపత్రి కమిటీకి రాయండి. కమిటీ వచ్చే నెల మొదటి సోమవారం కూర్చుంటుంది. మేరి కాగితంలోంచి ఆ వాక్యం కొట్టేయమని, అసలు కారణం రాయమని, దాన్ని కనిపెట్టిన మనిషి పేరు రాయమని అడగండి. మీ పేరు, ఊరు స్పష్టంగా పెట్టండి. ఆసుపత్రికి పోయినప్పుడు మీ చేతికి పరీక్ష కాగితం ఇస్తే సంతకం చూసి ఊరుకోవద్దు. “ఇది చూసింది ఎవరమ్మా?” అని గట్టిగా, పది మందికీ వినపడేలా అడగండి. వరండా చివరి గది చూపిస్తారు. లోపల ఆమె నిలబడి ఉంటే, గోడవారగా ఉన్న ఆ స్టూలు ముందుకు జరిపి రండి.